అమ్మ మెడలో అరిగిన బిళ్ల

ఫిబ్రవరి 4, 1957. సోమవారం.
పొద్దున మంచు. పది దాకా ఎండ రాలేదు. అంగట్లో బంగారు పని కుంపటి బూడిద ఎత్తిపోశాను.
అమ్మ తాళి దారం మార్చాలి. నా పెండ్లి దగ్గరికొచ్చింది — జమ్మలమడుగు మామ కూతురే. పాత దారంతో అమ్మ పీట మీద కూర్చోరాదంట. ఏటా ఈ పని నాయనే, వెనక గదిలో, తలుపు వేసుకొని. ఈసారి చెయ్యి వణికి పూస జారింది. మళ్లీ జారింది. పళ్లెం నా ముందుకు తోశాడు.
అమ్మ, మెడలో పసుపుకొమ్ము కట్టుకొని, గడపలో... "వాడికెందుకిస్తాండావ్?"
"వాడు అడిగే రకం కాదులే."
అవును. ఈ ఇంట్లో చెప్పింది చేయడమే.
రెండు తాళిబొట్లు, నల్లపూసలు. వాటి వెనక ఒక చిన్న బంగారు బిళ్ల. నేనెన్నడూ చూడలేదు. దాని మీద ఆడమనిషి బొమ్మ, మొగమంతా అరిగి నున్నగా.
"ఇలవేల్పు. కరిగించి కొత్తగా చెయ్." నాయన గోడను చూస్తూ చెప్పాడు.
ఇలవేల్పు కాదు. ఇట్లాంటివి నా చేత్తోనే నాలుగు చేశాను. మొదటి భార్య పోతే, రెండో ఆమె మెడలో వేసుకునేది ఇదే.

ఫిబ్రవరి 5.
గాలి. పని ముట్టలేదు.

ఫిబ్రవరి 6.
అమ్మ బియ్యం చెరుగుతోంది. "ఎవరిదిమా ఆ బిళ్ల?"
చేట ఆగింది.
"నిన్ను కన్నామెది. పులివెందుల పిల్ల. నీకు మూడు నెలలప్పుడు పోయె." చేటలో రాయి ఏరి పారేసి, "నీకు తెలిస్తే నన్ను పరాయిదాన్ని చేస్తావని మీ నాయన భయం."
"నీకు?"
"నాకు మాత్రం లేదా యాంది ఆ భయం..." చేట మళ్లీ కదిలింది.
పేరడిగాను. "అది ఆయన నోట్నుంచే రావాల."

ఫిబ్రవరి 8.
పులివెందుల. గాజులు ఇచ్చి వచ్చాను. పని అంతే, కానీ సాయంత్రం బస్సు దాకా ఉండిపోయాను. ఎండలో ఊరంతా నీళ్లలో ఉన్నట్టు కదులుతోంది. ప్రతి ఆడమనిషి మొగం... ఆమెది ఈ ముక్కేనా, ఈ నుదురేనా. చీనీకాయలమ్మే ముసలామె పట్టేసింది.
"ఏందప్పా, కాయలు చూస్తాండావా నన్ను చూస్తాండావా?"
చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాయలు తెచ్చి అమ్మకిచ్చాను. ఎక్కడివని అడగలేదు. ఒలిచి సగం నాకే పెట్టింది.

ఫిబ్రవరి 10.
పక్కంగడి ఖాదర్ మామ — "పెండ్లికొడకా, నీ కుంపటి ఆరిపోయి శానాసేపాయె, యాడున్యావ్?"
యాడున్నానో.
నాయన — "ఇంకా కరిగించలేదా?"
"మొగం ఎట్లుండాల నాయనా?"
"ఇలవేల్పుకు మొగమేంది. రెండు కండ్లు, ఒక ముక్కు."
బంగారం రాకే ఆకురాయి పట్టుకొని కూర్చున్నాను. చాలాసేపటికి నాయన, తనలో తాను... "ముక్కు రవ్వంత ఎడమకు." మళ్లీ, "గడ్డం కింద మచ్చ."
కండ్లు మూసుకొని ఉన్నాడు. వేలితో గాలిలో గీస్తున్నాడు. చెయ్యి వణకలేదు.

ఫిబ్రవరి 11.
బిళ్లకు నూనె రాసి ఎండకు పట్టాను. అంచున ఒక గీత మిగిలింది. కొప్పు కావచ్చు. కరిగితే అదీ ఉండదు.
వేరే బంగారంతో చేస్తాను, ఇది నా దగ్గర ఉంచుకుంటానన్నాను.
అమ్మ — "నాకు ఆ బంగారమే కావాల. ఇరవై నాలుగేండ్లు నాతో తిరిగింది ఆమె. నీకు జ్వరమొస్తే ఆమెకే చెప్పుకున్యా."
బిళ్ల మళ్లీ పళ్లెంలో పెట్టాను.

ఫిబ్రవరి 12.
తెల్లటి ఎండ. కుంపటి రాజేశాను. బంగారం కరిగించే మూస పెట్టాను. నాయన చాలా రోజులకు ఎదురుగా కూర్చున్నాడు. నిప్పు ఎర్రబడింది.
"ఈమె పేరేంది నాయనా?"
నాయన ఊదుగొట్టం కింద పెట్టాడు. గడపలో ఉన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపింది.
"ఉండు... మొగం కడుక్కొనొస్తా."
పెరట్లో చెంబు చప్పుడు. ఎంతసేపటికీ ఆగదు. అమ్మ గడప దిగి పోలేదు, లోపలికీ రాలేదు. బిళ్ల నా అరచేతిలో, వెచ్చగా. చెంబు చప్పుడు ఆగింది. అడుగులు వస్తున్నాయి. నిప్పు తగ్గుతోంది, బొగ్గు వెయ్యాలి, లేకపోతే మూస చల్లారుతుంది. చల్లారనీ, ముందు పేరు వినాలి.