పక్క సీటు నుంచి చూసిన కార్లు

సోమవారం

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చేస్తే "క్లాసులో ఉన్నానే, తర్వాత" అంటావు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇదైతే టీ తాగుతూ చదవక తప్పదు నీకు.

విషయం ఏమిటంటే, నేను కారు కొంటున్నాను. గ్లాసు కింద పెట్టి చదువు. ఆరేళ్ళుగా ఈ కళ్ళద్దాల షాపు వెనక గదిలో లెన్సులు అరగదీసి దాచుకున్న డబ్బు, ఎవరినీ అడగక్కర్లేదు. చిన్న కారే, కానీ కాస్త పరుగున్న కారు కావాలి. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి ఎర్రది. ఇంజిన్ చిన్నది, కానీ దానికి ఊపిచ్చే టర్బో ఉంది, సస్పెన్షన్ గట్టిగా ఉంటుందంటున్నారు. రెండోది బూడిద రంగుది. ఇంజిన్ పెద్దది, టర్బో లేదు, గేర్లు ఆరు. ధరలో పెద్ద తేడా లేదు. ఈ ఉత్తరంతో పాటు పట్టిక పెట్టాను, పొడవు, వెడల్పు, బరువు, డిక్కీ కొలతలు అన్నీ మిల్లీమీటర్లతో సహా. నవ్వకు.

ఇంటర్నెట్లో వంద మంది వంద రకాలుగా చెప్తున్నారు. నాకు వాళ్ళ మాట మీద గురి లేదు, నీ మాట మీదే ఉంది. ఇరవై రెండేళ్ళుగా జనానికి డ్రైవింగ్ నేర్పుతున్న మనిషివి, నీ చేతికి తెలియంది ఏముంది? మీ ఊళ్ళో రెండు షోరూములూ ఎదురెదురుగా ఉన్నాయట. వెళ్ళి రెండూ నడిపి, ఏది తీసుకోమంటావో చెప్పు. నువ్వు ఏదంటే అదే. నెలాఖరులోగా బుక్ చెయ్యాలి.

నడుం నొప్పి ఎలా ఉంది? మాట మార్చకుండా జవాబు రాయి.

నీ నుంచి చీవాట్లు లేక చిక్కిపోతున్న,
కందిరీగ


శుక్రవారం

ప్రియమైన కందిరీగకి,

నీ పట్టిక చూసి మా డ్రైవింగ్ స్కూలు ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. కారు కొంటున్నావా, కారుకి కళ్ళజోడు చేయిస్తున్నావా అని అడిగాడు. నేను మాత్రం నవ్వలేదు. కొంచెమే నవ్వాను.

నువ్వు కారు కొంటున్నావంటే నాకెంత గొప్పగా ఉందో చెప్పలేను. పొద్దుటి క్లాసు నుంచి సాయంత్రం క్లాసు వరకూ ఎక్కిన ప్రతి వాళ్ళకీ చెప్పాను. నా దగ్గర నేర్చుకుంటున్న బ్యాంకాయన ఆ సంతోషంలో రివర్సు వేసి పూలకుండీ పగలగొట్టాడు. ఆయన మామూలుగానే పగలగొడతాడనుకో.

నిన్న రెండు షోరూములకీ వెళ్ళాను. ముందు ఎర్రది చూశాను. సీటు బాగా కిందికి ఉంది, దిగేటప్పుడు నా నడుం నన్ను నానా మాటలూ అంది. డాష్‌బోర్డు మోకాలికి తగులుతుంది. రోడ్డు మీద చిన్న గులకరాయి ఉన్నా వెన్నుపూసకి కబురొస్తుంది. మలుపులో తలుపు పైన పట్టుకోవడానికి పిడి లేదు. మనిషన్నాక దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా. సేల్స్ ఆవిడ మాత్రం మంచిది, మలుపులకి ముందే గేరు తగ్గిస్తుంది.

బూడిద రంగుది హాయిగా ఉంది. కాళ్ళు బార్లా చాపుకోవచ్చు. పిడి ఉంది. మోకాళ్ళ ముందు అరలో సంచీ, నీళ్ళ సీసా, గొడుగు అన్నీ పట్టాయి. ఎండకి దించుకునే రేకులో అద్దం పెద్దది, అందులోంచి వెనక వచ్చే బండ్లు కూడా కనిపిస్తాయి. అక్కడి సేల్స్ ఆయన చేతికి పెద్ద వాచీ, గేరు మార్చినప్పుడల్లా అది నా వైపు టక్కుమంటుంది, అదొక్కటే ఇబ్బంది. అది కారు తప్పు కాదులే.

కాబట్టి బూడిద రంగుది తీసుకో. నడుం బాగానే ఉంది. వేళకి తిను.

నీ బాగు తప్ప వేరే పని లేని,
అమ్మ


ఆదివారం

ప్రియమైన అమ్మకి,

బ్యాంకాయన కుండీకి నా సానుభూతి.

నేను కూడా ఇక్కడ ఆగలేక సెలవు పెట్టి రెండూ నడిపి వచ్చాను. బూడిద రంగుది మర్యాదస్తురాలు. ఎంత తొక్కినా "సరేనమ్మా, వెళ్దాం" అన్నట్టు నెమ్మదిగా వేగం అందుకుంటుంది. ఎర్రది అలా కాదు. రెండో గేరులో కాలు ఆనించగానే ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత వీపు మీద ఎవరో చెయ్యి వేసి తోసినట్టు వెళ్తుంది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది, వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. లెన్సులు అరగదీసే దాన్ని, నాకు ఆ లెక్క నచ్చింది. నిజం చెప్పాలంటే దిగబుద్ధి కాలేదు.

అయినా నువ్వు బూడిద రంగుదంటే అదే కొంటాను, మాటిచ్చాను కదా. కాకపోతే కొన్ని చెప్పు. ఎర్రదాని క్లచ్ బాగా పైకి వచ్చాక గానీ పట్టుకోవడం లేదు, ట్రాఫిక్‌లో కాలు లాగుతుందా? బూడిద రంగుదాని బ్రేకు నాకు మెత్తగా అనిపించింది, నీకూ అంతేనా? ఆరో గేరు నిజంగా పనికొస్తుందా? నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిడి ఉంది, అర ఉంది, రేకు ఉంది, సేల్స్ ఆయన వాచీ కూడా ఉంది. స్టీరింగ్ ఒక్కటే కనపడలేదు.

జవాబు కోసం కళ్ళు కాయలు కాస్తున్న,
కందిరీగ


బుధవారం

ప్రియమైన కందిరీగకి,

క్లచ్ బాగుంది. బ్రేకు బాగుంది. ఆరో గేరు బాగుంది. పిడి లేని కారు నాకు నచ్చలేదు, అంతే. అడిగావు, చెప్పాను. పెద్దదాన్ని చెప్తే వినాలి. ఈ వారం క్లాసులు ఊపిరాడనివ్వడం లేదు, ఇంతకంటే రాయలేను.

అమ్మ


శనివారం

ప్రియమైన అమ్మకి,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. తిన్నగా అడిగేస్తున్నాను, ఏమీ అనుకోకు.

మనసు ఎర్రదాన్నే వదలక, మీ ఊళ్ళో అది ఎన్ని రోజుల్లో చేతికి ఇస్తారో కనుక్కుందామని అక్కడి షోరూముకి ఫోన్ చేశాను. సేల్స్ ఆవిడ నిన్ను గుర్తుపట్టి తెగ పొగిడింది. ఆ తర్వాత, "నడపమంటే మాత్రం వద్దన్నారండి. మీరు నడపండి, నేను చూస్తానన్నారు. పెద్ద టీచరు గారు కదా, నాకే పరీక్షలా అనిపించింది" అంది. ఎదురు షోరూముకీ చేశాను. అక్కడా అదే మాట.

ఫోన్ పెట్టేశాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోయిన వేసవిలో నేను వచ్చినప్పుడు నన్ను బస్టాండులో దింపింది నువ్వు కాదు, నీ స్టూడెంటు. నువ్వు పక్కన కూర్చున్నావు. అంతకు ముందు వచ్చినప్పుడు కూడా అంతే. పొద్దున్నే మొదటి స్టూడెంటు మనింటికే వచ్చి కారు తీస్తాడు. సాయంత్రం చివరి స్టూడెంటు నిన్ను ఇంటి దగ్గర దింపి నడిచి వెళ్తాడు. నీ టైమ్‌టేబుల్ అంత తెలివిగా ఎందుకుందో నాకు ఇప్పుడు తెలిసింది. నువ్వు అసలు నడపడం లేదు. ఎన్నాళ్ళయింది?

నాకు కోపం లేదు. నా చిన్నప్పుడు వర్షంలో ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో అద్దం తుడిచే గుడ్డ పట్టుకుని నన్ను పరీక్షకి తీసుకెళ్ళిన మనిషి ఏమైపోయిందా అని భయం వేస్తోంది, అంతే. ఎవరితోనూ చెప్పను. నాకు చెప్పు.

ఎప్పటికీ నీ వైపే ఉండే,
నీ పిల్ల


మంగళవారం

నా బంగారు తల్లికి,

మూడేళ్ళయింది.

ఇది నోటితో అయితే చెప్పలేను, అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. మన సందు చివర బేకరీ ఆవిడ గుర్తుందా? నా దగ్గర నేర్చుకునేది. సైకిల్ మీద కాకుండా వ్యాన్‌లో బ్రెడ్డు పంచాలని ఆవిడ కోరిక. ఒకరోజు క్లాసు అయ్యేసరికి ఆవిడ అలసిపోయింది. "మీరు పక్కకి రండి, నేను పోనిస్తాను" అన్నాను. నేను స్టీరింగ్ దగ్గర, ఆవిడ నా సీట్లో. స్కూలు వీధిలోకి తిరిగేసరికి చేతిలో సంచీతో ఒక ముసలాయన అడ్డం వచ్చాడు.

టీచరు సీటు ముందు నాకు ఉండేది ఒక్కటే పెడలు, బ్రేకు, తెలుసు కదా. ఏళ్ళ తరబడి దాన్ని ఎడమకాలితోనే తొక్కాను. ఆ క్షణంలో కూడా ఎడమకాలే లేచింది. స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు ఎడమకాలి కింద ఉండేది క్లచ్చే. శక్తి కొద్దీ క్లచ్ తొక్కాను. కారు ఆగలేదు, జారుకుంటూ పోయింది. స్టీరింగ్ తిప్పబట్టి స్కూలు గేటుకి తగిలింది. ముసలాయనకీ కారుకీ మధ్య జానెడు కూడా లేదు. ఆయన సంచీ సర్దుకుని తన దారిన తాను వెళ్ళిపోయాడు.

ఓనరు పరిగెత్తుకుంటూ వచ్చి "ఎవరు నడిపింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బేకరీ ఆవిడ "నేనే" అంది.

నేను కాదనలేదు. అదే నా పాపం. గేటు గుద్దిన టీచరంటే ఉద్యోగం పోతుందని ఆవిడ నన్ను కాపాడింది, నేను కాపాడనిచ్చాను. ఆ తర్వాత ఆవిడ క్లాసులకి రాలేదు. వీధిలో అందరూ "గేటమ్మా" అని వేళాకోళం చేశారు. ఇప్పటికీ సైకిల్ మీదే బ్రెడ్డు పంచుతుంది. నేను ఆ షాపు తప్పించుకోవడానికి చుట్టూ తిరిగి వెళ్తాను.

ఆ రోజు తర్వాత స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎడమకాలు దానంతట అదే వణుకుతుంది. బూడిద రంగుది మంచి కారో కాదో నాకు తెలియదు. పక్క సీటు బాగుంది, అంతవరకే తెలుసు. నువ్వు నా మాట మీద ఉంచిన గురికి సిగ్గుతో చచ్చిపోయాను.

మొహం చెల్లని,
అమ్మ


గురువారం

ప్రియమైన అమ్మకి,

ఉత్తరం చదివి లెన్సొకటి పాడు చేశాను.

నువ్వు తప్పు చేశావు. చేయలేదని నేను అనను, అంటే నువ్వు నమ్మవు. కానీ దిద్దుకోలేనంత తప్పేమీ కాదు. నాకు నేర్పేటప్పుడు ఇంజిన్ ఆగిపోయిన ప్రతిసారీ ఏమనేదానివి? "ఏడవకు, మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అని కదా.

ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు. కార్ల సంగతి తర్వాత. నెలాఖరు గడువు నేనే వదిలేశాను. నువ్వు రెండూ నడిపి చెప్పేదాకా ఏదీ కొనను. ఇది బెదిరింపు అనుకో, ముద్దు అనుకో. బస్సులో నిలబడి వెళ్ళడం నాకు అలవాటే.

నీ మొండితనమే వచ్చిన,
కందిరీగ


(నెల పైన వారం గడిచాక)

ప్రియమైన కందిరీగకి,

ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేనందుకు తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. నాకు తీరిక లేదు, నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే బేకరీకి వెళ్ళాను. ఆవిడ పిండి చేతులతోనే నన్ను లోపల కూర్చోబెట్టింది. దారి పొడవునా బట్టీ పట్టిన క్షమాపణ మొదటి ముక్కలోనే మర్చిపోయి ఏడ్చాను. ఆవిడ అంతా విని ఏమందో తెలుసా? "బ్రేకు నా కాళ్ళ ముందే ఉంది కదా టీచరు గారూ. మీరు అన్ని క్లాసుల్లోనూ చూపించారు. నా కాలు కూడా కదల్లేదు. అందుకే నేనే అన్నాను" అంది. మూడేళ్ళు ఇద్దరం ఒకే సందులో, ఎవరి బరువు వాళ్ళం మోసుకుంటూ తిరిగాం.

అక్కణ్ణుంచి తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన రెండు రోజులు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు వచ్చి, "గేటుకి రంగు మీరే వేయించండి" అన్నాడు. వేయించాను. బేకరీ ఆవిడకి క్లాసులు ఉచితమన్నాడు కూడా.

ఆవిడ ఒక షరతు పెట్టింది. ఒకరోజు ఆవిడ నడపాలి, నేను పక్కన కూర్చోవాలి. మర్నాడు నేను నడపాలి, ఆవిడ నా సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టాలి. మొదటి వారం నేను వీధి చివరి దాకా వెళ్ళేలోపు నాలుగుసార్లు తొక్కింది. నా స్టూడెంట్లు ఇంతకాలం నన్ను ఎంత తిట్టుకుని ఉంటారో ఇప్పుడు అర్థమైంది. రెండో వారం రెండుసార్లు. ఆ తర్వాత ఒకరోజు ఊరంతా తిరిగొచ్చాక చూస్తే, ఆవిడ కాళ్ళు మడుచుకుని బఠాణీలు తింటోంది. ఆ రోజు నా ఎడమకాలు వణకలేదు.

మొన్న రెండు షోరూములకీ మళ్ళీ వెళ్ళాను. ఈసారి వాళ్ళని పక్కన కూర్చోమన్నాను. నువ్వన్నట్టు బూడిద రంగుదాని బ్రేకు మెత్తనే. దాని ఆరో గేరు పెద్ద రోడ్డు మీద తప్ప దండగ. ఎర్రదాని క్లచ్ పైకి పట్టుకున్నా తేలిక, ట్రాఫిక్‌లో కాలు లాగదు. రెండో గేరులో నువ్వు చెప్పిన ఆ తోపు వచ్చినప్పుడు ఎందుకో నవ్వు వచ్చింది. పక్కన సేల్స్ ఆవిడ పట్టుకోవడానికి పిడి వెతుక్కుంది. ఎర్రదే తీసుకో. ఇది పెద్దదాని మాట కాదు, నడిపినదాని మాట.

ఈ ఉత్తరానికి స్టాంపు లేదేమిటా అని చూస్తున్నావా? పోస్టులో రాలేదు. మీ కౌంటర్లో ఇచ్చి లోపలికి పంపమంటాను. నీ షాపు ఎదురుగా మా స్కూలు కారులో కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఆరింటికి బయలుదేరాను. రెండుసార్లు ఆగాను, రెండూ టీ కోసమే. ఒక్కదాన్నే వచ్చాను తల్లీ, పక్క సీటు ఖాళీ. చేతిలో ఉన్న లెన్సు పూర్తి చేసి మెల్లగా రా, వచ్చి కూర్చో. షోరూముకి నేను తీసుకెళ్తాను.

నీ డ్రైవరు,
అమ్మ