అల్లిన మనిషి పేరు

మీరు నిద్రలో ఉన్నారు, లేపలేదు. నేను మోస్రా బడికి పోతున్నాను. పాలు కాచి పెట్టాను. పప్పు కుక్కర్‌లో ఉంది.

కొత్త చెరుకు సాగు చూసి రమ్మని బోధన్ రైతులతో దక్షిణాఫ్రికా పంపితే పెట్టె నిండా చెక్క జిరాఫీలు తెచ్చారు. చెరుకు సంగతి అడగవచ్చిన వాళ్లకు తలా ఒకటి ఇచ్చి పంపండి. పూసల దండ పక్కింటి నసీమా అక్కకు. నా కోసం దాచి తెచ్చిన, విమానంలో ఇచ్చిన సబ్బు అందింది, చాలా సంతోషం.

గడ్డితో అల్లిన బుట్టను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నిన్న సాయంత్రం మీరు స్నానానికి పోగానే అత్తమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "గిసొంటివి మా అవ్వ ఈతాకుతోని అల్లేది. గీనికి విమానమెక్కి పోవాల్నా?" అన్నది. అడుగున కట్టిన చీటీలో ఏముందని అడిగింది. అల్లినామె పేరు తాండివే అని చదివి చెప్పాను. అత్తమ్మ చాలాసేపు దాన్ని తడుముతూ కూర్చుంది. "మా అవ్వ పేరు ఏ గంప మీద రాయలే" అన్నది.

స్నేహలత

ఇంకొకటి. అత్తమ్మ వాళ్ల అవ్వ, అంటే మీ అమ్మమ్మ, పేరేమిటి? పెళ్లయి పదహారేళ్లయింది, నేనూ అడగలేదు. అత్తమ్మ లేచాక మీరే అడగండి.