అమ్మ వెనక్కి నడిచింది

అన్నా,

నువ్వు పోయి, నీ ఫొటోకి దండ పడినప్పటి నుంచి గద్వాల ఇంట్లో పాటన్నదే వినపడనివ్వలేదు అమ్మ. ఇవాళ టీవీలో నీ మూన్‌వాక్ హీరో చనిపోయాడని చెబుతూ, ఆయన డ్యాన్సులే చూపిస్తున్నారు. భయపడి ఆపబోయాను.

"ఉండనియ్యే. మనోడు గిట్లనే జారుతుండె గదా," అంది అమ్మ.

లేచి వెళ్లి, అచ్చం నువ్వు చేసినట్టే షాబాద్ బండల నేల మీద పౌడర్ చల్లింది.

"ఏంది చూస్తున్నవ్? నడువు!"

సాక్సులేసుకుని జారబోయి వెల్లకిలా పడ్డాను.

"థూ, డిగ్రీ చదివినవ్, నడుసుడు రాదా నీకు!"

నవ్వుతూ కుచ్చెళ్లు చెక్కుకుని, వంటింటి గడప దాకా తనే వెనక్కి జారింది. పడలేదన్నా!

పాట అయిపోగానే రొప్పుతూ అంది: "ఇంకో చానల్ పెట్టు. గాడ గూడ వస్తుంటదేమో."

నీ చెల్లి