తొందరపడిన నీలం దీపం

అమ్మడూ,

క్యాప్ ఊడిందనగానే "గట్టి గింజలేమైనా కొరికావా" అన్నావే, ఆ మాట దిద్దాలి. నువ్వు నా పంటికి అతికించిన క్యాప్ గట్టి గింజలు కొరికితే ఊడలేదు, మెత్తటి అరటిపండు తింటుంటే ఊడింది. అలాగని నీకు పని రాదని కాదు. పెట్టిన మొట్టమొదటి క్యాపే నిలవలేదని రాజీనామా రాసి సంచిలో వేసుకు తిరుగుతున్నావట. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కదా, చెప్పేసింది.

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకుంటానా? నువ్విక్కడ వదిలేసిన దంతవైద్యం పుస్తకం తిరగేశాను. క్యాప్ అతికించే ఆ సిమెంటు నీలం వెలుగు తగిలితే గట్టిపడుతుందట, గట్టిపడుతూ కుంచించుకుంటుందట. నిదానంగా గట్టిపడనిస్తే లోపల్లోపల సర్దుకుంటుందట. ఒక్కసారిగా పూర్తి వెలుగు పెడితే సర్దుకునే వ్యవధి లేక, ఆ లాగుడంతా లోపలే బిగుసుకుపోయి అంచు వదిలేస్తుందట. మరి ఆ రోజు నువ్వేం చేశావు? "అయిపోయింది అమ్మమ్మా, దవడ నొప్పెడుతోందా, ఇంకొక్క క్షణం" అంటూ నీలం దీపం ఒకేసారి పెట్టేశావు. మరొకరికైతే ఆగేదానివే. నా మీది జాలే కొంప ముంచింది.

పుట్టినప్పటి నుంచి నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళే గాని, తెరిచి ఉంచమన్నది నువ్వొక్కదానివే. ఎంతసేపైనా తెరుస్తాను, నువ్వు తొందరపడకు.

శనివారం ఆఖరి పేషెంటుగా నన్ను రాసుకో. క్యాప్ మాత్రల డబ్బాలో భద్రంగా ఉంది, నేనే తెస్తాను. నువ్వు మెడ కిందికి చిన్న దిండు చూసి ఉంచు. అతికించాక కొరికి పట్టుకోమని దూది ఇస్తావుగా, ఈసారి అది వద్దు. సంచిలోని ఆ కాగితం మడిచి పెట్టు, దాన్నే కొరుకుతాను.

అమ్మమ్మ