ఖాళీ జవాబు

మార్చి 14, శుక్రవారం
నీటి పరీక్షల ప్రయోగశాల, మొదటి అంతస్తు

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. నేను కుశలం. మీరు, అక్క కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాలుగు వీధుల అవతలికి ఉత్తరమేమిటని అక్క నవ్వవచ్చు. ఎదురుగా నిలబడి చెప్పదగిన విషయాలు కొన్ని ఉంటాయి, కాగితం మీద పెట్టదగినవి కొన్ని. ఇది రెండో రకం.

మిమ్మల్ని ఇంటి వద్ద ఉండమన్న ఈ మూడు వారాల్లో ఆఫీసులో పెద్ద మార్పులు లేవు. మీ కుర్చీ కాలు ఊడితే వడ్రంగి వచ్చి బిగించాడు. తుడిచిపెట్టుకుపోయిన పదకొండు నెలల బావినీటి ఫలితాలను, సీసాలకు కట్టిన చీటీలు చూసి చుక్కల మేడమ్ మళ్లీ ఎక్కిస్తున్నారు. నీటి నమూనాల్లో వేసే మందు చుక్కలు లెక్కపెట్టుకునే ఆమె చేతికి కీబోర్డు వచ్చినందుకు నన్ను రోజూ సాధిస్తున్నారు, పట్టా నీకూ పాట్లు మాకూనా అని.

సోమవారంతో విచారణ ముగుస్తుంది. పొరపాటు ఒప్పుకుంటూ మీరు సంతకం చేస్తే మందలింపుతో సరిపెడతామని పెద్దసారు అన్నారు. చేయకపోతే ముప్ఫై ఏళ్ల ఉద్యోగం పోవచ్చు. అందువల్ల సంతకం చేయమని కోరుతున్నాను.

విషయం సక్రమంగా వివరిస్తాను. కంప్యూటర్లో పాత ఫైళ్లు తొలగించే స్క్రిప్టు, అంటే ఆ చిన్న ప్రోగ్రాము, నేను రాసినది. నలభై నాలుగో ఏట సాయంకాల కళాశాలలో చేరి, నా కొడుకు ఈడు వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చిన విద్య అది. ఆ స్క్రిప్టును నడిపితే నల్లటి తెర మీద ఒక్కో ఏడాది ఫైళ్లు చూపి, వీటిని తీసేయాలా అని అడిగి ఆగుతుంది. మనిషి జవాబు కొట్టి ఎంటర్ నొక్కాక, దాన్ని చదువుకుని కదులుతుంది. అడగకుండా ఒక్క ఫైలునూ తాకదు. విచారణలో నేను చెప్పింది ఇంతే. అందులో అబద్ధం లేదు.

నేను సెలవులో ఉన్న ఆ రోజున దాన్ని నడిపింది మీరు. పాత ఏళ్లకు అవును కొట్టానని, నిరుడు ఏప్రిల్లో మొదలైన ఈ లెక్కల ఏడాది పేరు కనబడేసరికి అనుమానం వచ్చి ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కానని, పాత మిషన్లో అలా నొక్కితే పని ఆగిపోయేది కదయ్యా అని మీరు చెప్పారు. పెద్దసారు నావైపు చూసి, పట్టా ఉన్న మీ బావమరిదే అడక్కుండా తియ్యదంటున్నాడుగా అన్నారు. మీరు నన్నొకసారి చూసి ఊరుకున్నారు. ఏమీ అనలేదు కనుక ఒప్పుకున్నట్టేనని ఆయన రాసుకున్నారు. నేనూ అలాగే భావించాను.

తరువాత మెట్ల మీద, అడగడం బాగానే నేర్పావురా దానికి, వినడం ఎప్పుడు నేర్పుతావు అన్నారు. నొచ్చుకున్నాను. అక్క ముఖం చూసి మనసులో పెట్టుకోలేదు.

సంతకం చేయవలసిన కాగితం జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది,
బి.ఎస్సీ., ప్రథమ శ్రేణి

తా.క. అక్షరదోషాలు చూసుకుందామని పై ఉత్తరం మళ్లీ చదివాను. ఏమీ అనలేదు కనుక ఒప్పుకున్నట్టే అన్న చోట ఆగిపోయాను. నా స్క్రిప్టులో ఇరవై మూడో వరుస అదే. జవాబు ఖాళీగా వస్తే అవునని తీసుకొమ్మని రాశాను, పదే పదే ఒక అక్షరం కొట్టే శ్రమ నాకు తప్పుతుందని.

ఈ సంగతి ఇవాళే తెలిసిందని రాయబోయి కొట్టేశాను. ఫైళ్లు పోయిన మర్నాడే ఒక నకలు మీద ఉత్త ఎంటర్ నొక్కి చూశాను. మొత్తం పోయింది. అది తెలిసే విచారణలో కూర్చున్నాను.

జతచేస్తానన్న కాగితం చించేశాను. సోమవారం ఎక్కడా సంతకం పెట్టకండి. ఇరవై మూడో వరుసను కాగితం మీద దించి, కింద నా సంతకం పెట్టి పెద్దసారుకి ఇచ్చి వచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మీ బావకి చెప్పావా అని అడిగారు. ఆయన కలం తీయడం చూసి, ఊరుకుంటే అవునని రాసుకుంటారని గుర్తొచ్చి, లేదండీ, ఇంకా చెప్పలేదు అన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను.

బావమరిది