పెద్దావిడ బొమ్మ

చిరంజీవి మనవరాలికి,

వీధి గోడల మీద బొమ్మలు వేసే మీ సంస్థ వాళ్లు నిన్న నిచ్చెనలు తీసేశారు. బొమ్మ పూర్తిగా చూశాను.

"నాయనమ్మా, నీ గోడ మీద మన పెద్దావిడ బొమ్మ వేస్తాం, ఒప్పుకో" అని నువ్వు అడిగినప్పుడు, పెద్దావిడంటే నేనే అనుకుని సరేనన్నాను. మీ అమ్మమ్మ నాకంటే ఏడాది పెద్దదన్న సంగతి అప్పుడు తట్టలేదు. లెక్క ప్రకారం తప్పు నాదే. కానీ సొమ్మొకరిది, సోకొకరిది అయింది. ఎదురింటి దర్జీ, "మీ గోడ మీద నవ్వుతున్న ఆవిడ ఎవరండీ? ఎంత కళగా ఉన్నారో" అన్నాడు. మా వియ్యపురాలని చెప్పి తలుపు వేసుకున్నాను.

ఫోనులో అడిగితే, "నువ్వు నవ్వవుగా నాయనమ్మా, బొమ్మకు నవ్వు కావాలి" అన్నావు. నిన్ను పెంచేటప్పుడు మా ఇద్దరిలో ఒకరైనా నవ్వకుండా ఉండాల్సి వచ్చింది. ఆ వంతు నాకు పడింది.

ఆవిడ బొమ్మ చెరపమనను. పడమటి గోడ ఖాళీగా ఉంది, సున్నం వేయించాను. నవ్వే ముఖం ఎవరైనా వేస్తారు. నా ముఖం వెయ్యాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. నీకు వచ్చునేమో చూస్తాను.

నీ నాయనమ్మ