కీపెన్‌బ్రింక్ పేరు గలవాళ్ళు

ఓస్టర్‌కోగ్,
14 అక్టోబరు 1978.

చిరంజీవి హర్రోకి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, గుద్రున్, పాపా చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇంత ఆలస్యంగా ఎప్పుడూ జవాబు రాయలేదు కదా, అమ్మకేమైందోనని కంగారుపడి ఉంటావు. ఏమీ కాలేదు. ఎందుకు ఆలస్యమైందో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు వాన పడ్డ రోజు నొప్పెడుతుంది, మిగతా రోజుల్లో ఊరుకుంటుంది. సముద్రపు కట్ట మీద మన గొర్రెల్ని పక్కింటి ఎడ్లెఫ్ చూస్తున్నాడు. మనవి ఆరే అయినా, తన అరవైతో పాటే మేపుతున్నాడు. నాన్న సైకిల్ అమ్మలేదు. కొత్త పోస్ట్‌మన్‌కి పసుపు కారిచ్చారు, అతను గేటు దగ్గర దిగనైనా దిగడు, కిటికీలోంచే చెయ్యి చాపుతాడు. ఇరవై తొమ్మిదేళ్ళు నాన్న ప్రతి ఇంట్లోకీ వెళ్ళి, టీ తాగి, ఉత్తరం చదివి పెట్టి వచ్చేవారు. ఇప్పుడు మాకు ఉత్తరాలైతే త్వరగా వస్తున్నాయి. పాపకి అల్లుతున్న చేతితొడుగుల్లో ఒకటి పూర్తయింది. రెండోది అయ్యాక పంపుతాను.

ఇక నాన్న ఆకుపచ్చ రేకు డబ్బా సంగతి.

నాన్న ఖననం రోజున ఆ డబ్బా నువ్వు కారులో పెట్టుకుంటుంటే చూశాను. వద్దనాలనుకున్నాను. కానీ ఆపలేదు. దాన్లో నాన్న రాసుకున్న నోటుపుస్తకం, కట్టలకొద్దీ కార్డులు ఉన్నాయనీ, అన్నిటి మీదా ఒకటే ఇంటిపేరు ఉందనీ రాశావు. "మన బంధువుల్లో ఈ పేరు గలవాళ్ళు ఒక్కరూ లేరు కదమ్మా, మనం టాడ్సెన్‌లం కదా, మరి నాన్న ఇన్నేళ్ళు ఈ కీపెన్‌బ్రింక్‌ల లెక్క ఎందుకు వేశారు?" అని అడిగావు.

ఆ పేరు ఎక్కడిదో ముందు చెబుతాను. అది చెప్పడం తేలిక.

వెస్ట్‌ఫాలియా కొండల్లో ఒక ముసలి రైతు నాన్నకి రాసిన ఉత్తరం ఆ కట్టలోనే ఉంటుంది, వణికే చేతిరాత, చూడు. అక్కడి పల్లె మాటలో కీపె అంటే వీపున మోసే బుట్ట. బ్రింక్ అంటే గడ్డి పెరిగిన వాలు. గుడ్లు, వెన్న, ఉప్పు వీపున మోసుకుంటూ కొండెక్కేవాళ్ళు ఆ వాలు దగ్గర బుట్టలు దించి ఊపిరి పీల్చుకునేవారట. అక్కడ ఇల్లు కట్టుకున్నవాడికి ఆ పేరు వచ్చింది. నాలుగు వందల ఏళ్ళపాటు ఆ పేరు ఆ ఒక్క ఇంటిదే. తర్వాత పొలం దక్కని చిన్నకొడుకులు ఇద్దరు తూర్పుకి, విస్తులా నది అవతలికి, వెళ్ళిపోయారు. "ఇక్కడ ఇల్లు మిగిలింది, అక్కడ మనుషులు పెరిగారు. ఇప్పుడు అక్కడ మనుషులూ లేరు, పేరూ లేదు" అని ఆ రైతు రాశాడు. నాన్న ఆ వాక్యం నాకు చదివి వినిపించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇక లెక్క. యుద్ధానికి ముందు నూట పద్దెనిమిది మంది. అందులో తొంభై ఆరుగురు తూర్పున రెండే రెండు ఊళ్ళలో ఉండేవారు. 1950లో ముప్పై ఏడు. 1963లో పదహారు. పోయిన ఏడాది ఎనిమిది. నాన్న ప్రతి ఊరి చిరునామాల పుస్తకమూ పోస్టాఫీసుకి తెప్పించుకుని వెతికి, ఒక్కొక్కరికీ రాసి, తేల్చిన లెక్క ఇది. 1950 నుంచి ప్రతి అంకె పక్కనా పెన్సిలుతో ఇంకొకటి కలిపారు, ఎందుకని అడిగావు.

ఆ ఒకటి నువ్వే, నాయనా.

నువ్వు నా కడుపున పుట్టలేదని నీకు పదేళ్ళప్పుడే చెప్పాం. తూర్పునుంచి వచ్చిన కాందిశీకుల రైల్లో దొరికావనీ, పేరు తెలియదనీ చెప్పాం. పేరు తెలియదన్నది అబద్ధం. ఆ అబద్ధం నాది, నాన్నది కాదు.

1945 మార్చి. మా అమ్మాయి తాల్కె పోయి ఏడాది దాటింది. ఆ సమాధి దగ్గరికి నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని, గుర్తుందా? నాలుగేళ్ళ పిల్ల, గొంతువాపు జబ్బుతో మూడు రోజుల్లో పోయింది. నాన్న డెన్మార్క్‌లో సైన్యంలో ఉన్నారు. నేను ఇంట్లో ఉండలేక, బడిలో దించిన కాందిశీకులకి సూప్ పోయడానికి వెళ్ళేదాన్ని. అక్కడ గడ్డి మీద ఒక ముసలామె పడుకుని ఉంది, ఊపిరితిత్తుల జ్వరం. ఆమె చేతిలో నువ్వు. "మనవడు. పేరు ఆర్నో. తల్లి వెనక రైల్లో వస్తోంది, వస్తుంది" అంది. మర్నాటికి ఆమె లేదు. ఆ వెనక రైలు మా ఊరికి రాలేదు. నువ్వు నా వేలు పట్టుకుని "ఆనో, ఆనో" అంటూ తిరిగావు.

స్నానం చేయించడానికి కోటు విప్పితే, లోపల అస్తరుకి తెల్లగుడ్డ ముక్క కుట్టి ఉంది. ఎర్రదారంతో, పొందికైన కుట్టుతో: ఆర్నో కీపెన్‌బ్రింక్. బిడ్డ తప్పిపోతే దొరకాలని ఎంత జాగ్రత్తగా కుట్టిందో ఆ తల్లి. నేను కత్తెర తీసుకుని ఒక్కొక్క కుట్టూ విప్పేశాను. కాగితాలు రాసే గుమాస్తా "పేరు?" అని అడిగితే, "తెలీదండీ, ముసలామె ఏమీ చెప్పకుండానే పోయింది" అన్నాను.

నీ పేరు టాడ్సెన్ లాంటిదైతే నాకంత భయం ఉండేది కాదు. ఈ తీరంలో రాయి విసిరితే టాడ్సెన్‌ల కిటికీయే పగులుతుంది. అలాంటి పేరుతో ఎవరిని వెతుకుతారు? కానీ ఆ పేరు నేనెప్పుడూ ఎక్కడా విననిది. ఆ పేరు బయటికి పొక్కిందంటే తల్లి తిన్నగా మన గుమ్మంలోకే వస్తుంది. అందుకే తీసేశాను.

నాన్న తిరిగొచ్చాక ఆయనకీ అదే చెప్పాను. ఐదేళ్ళు నమ్మారు. 1950లో, తప్పిపోయిన పిల్లల బొమ్మలతో ఒక పెద్ద కాగితం పోస్టాఫీసుకి వచ్చింది. గోడకి అంటించాల్సింది ఆయనే. ఒక బొమ్మలో ఏడాది పిల్లవాడు, కింద రాత: ఆర్నో కీపెన్‌బ్రింక్, 1943 ఆగస్టులో పుట్టాడు, ఎడమ మోకాలి వెనక బటానీ గింజంత నల్ల మచ్చ. తల్లి పేరు లేదు, దరఖాస్తు నంబరు మాత్రం ఉంది. ఆయన దాన్ని చుట్టి, కోటులో పెట్టుకుని, ఇంటికి వచ్చి నా ముందు పరిచారు.

"ఏమే, నీకీ పేరు తెలుసా?"

"తెలీదు."

"నా మొహం చూసి చెప్పు, గోండెల్."

చెప్పేశాను. ఆయన ఆ కాగితం మళ్ళీ చుట్టారు. తర్వాత "రేపు రాద్దాం. ఆ తల్లి ఎంత ఏడుస్తోందో" అన్నారు.

"మీరు రాస్తే నేను పిల్లాణ్ణి తీసుకుని కట్ట దాటి సముద్రంలోకి నడిచిపోతాను. ఒకణ్ణి ఇప్పటికే మట్టికిచ్చాం, వీణ్ణి నీళ్ళకిస్తాను" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. తాల్కె ఆడపిల్ల అన్న సంగతే మరిచిపోయాను. నాన్న నా మొహం చూసి భయపడ్డారు. "ఇంక ఈ మాట ఎత్తను" అని మాటిచ్చారు. ఆ కాగితం గోడకి అంటించలేదు. నాన్న జీవితంలో అందించకుండా ఆపింది అదొక్కటే.

కానీ ఆయనకి మనసు నిలవలేదు. మాట తప్పకుండా, మాట తప్పే దారి ఒకటి వెతుక్కున్నారు. "అరుదైన ఇంటిపేర్ల పుట్టుక తెలుసుకోవడం నా సరదా" అని ఆ పేరు గలవాళ్ళందరికీ రాయడం మొదలుపెట్టారు. ప్రతి ఉత్తరం చివరా ఒక ప్రశ్న: యుద్ధంలో మీవాళ్ళెవరైనా తప్పిపోయారా? నాకు తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని. నువ్వు పక్కన కూర్చుని స్టాంపులు అంటించేవాడివి కూడా, ఎవరికో తెలియకుండానే.

ఆ పుస్తకంలో "ఎల్‌ఫ్రీడె, లూబెక్" అన్నచోట, "జవాబు లేదు" అని రాసి, కింద రెండు గీతలు గీశారని రాశావు. అందరూ జవాబిస్తే ఆవిడ ఒక్కతే ఎందుకివ్వలేదు అని అడిగావు.

ఇచ్చింది, హర్రో.

1958 జనవరిలో నాన్న మంచు మీద సైకిల్ జారి కాలు విరిగి ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు కదా. ఆ రోజుల్లో వేరే మనిషి ఉత్తరాలు తెచ్చేవాడు. లూబెక్ నుంచి వచ్చిన కవరు నేను విప్పాను. నాలుగు పేజీలు. "అయ్యా, మా పేరు గురించి నాకు పెద్దగా తెలియదు, అది మా ఆయన వంశం పేరు, ఆయన యుద్ధంలో పోయారు. ఒక్క మనవి. మీరు ఇంతమందికి రాస్తున్నారు కదా, ఎక్కడైనా ఆర్నో అనే అబ్బాయి కనబడితే, మోకాలి వెనక మచ్చ ఉంటుంది, నిద్రలో పిడికిలి చెంపకింద పెట్టుకుంటాడు…"

నువ్వు అప్పటికీ అలాగే పడుకునేవాడివి.

నేను బల్ల దగ్గర కూర్చుని, నాన్న కలంతో, నాన్న పేరుతో, ఆమెకి జవాబు రాశాను. "అమ్మా, అందరినీ విచారించాను. అలాంటి అబ్బాయి ఎక్కడా లేడు. చింతిస్తున్నాను." సంతకం కూడా చేశాను. పది రోజులకి ఒక కార్డు వచ్చింది. శ్రమ తీసుకుని వెతికినందుకు కృతజ్ఞతలు అని. రెండూ పొయ్యిలో వేశాను.

నాన్నకి ఎప్పటికీ తెలియలేదు. ఈ మార్చిలో, ఆయన చివరి వారంలో, మంచం మీద ఉండగా అన్నారు: "అందరూ రాశారే గోండెల్, ఆ లూబెక్ ఆవిడ తప్ప. ఎందుకు రాయలేదంటావ్?" నేను దిండు సర్దాను. "పోనీలెండి, పడుకోండి" అన్నాను. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఆయన దగ్గర కూడా చెప్పలేనిది నీకు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు పొయ్యి దగ్గర కూర్చున్నాను. తర్వాత మంచి కోటు వేసుకుని లూబెక్ వెళ్ళాను. మూడు రైళ్ళు మారాలి. ఆ చిరునామా నాకు కంఠతా వచ్చు. మూడో అంతస్తులో, గంట మీద ఇంకెవరిదో పేరు ఉంది. కింద రొట్టెల దుకాణం. ట్రౌల్సెన్ అని ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయి, గల్లా దగ్గర కూర్చున్నాడు.

"ఎల్‌ఫ్రీడె గారా? 1974లో పోయిందండీ, గుండె ఆగి. మీరేమవుతారు?"

"తెలిసినదాన్ని" అన్నాను.

ఆయన కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు. ఆమె గురించి అడిగేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో, ఆగకుండా చెప్పాడు. ఇస్త్రీ దుకాణంలో పనిచేసేదట. నవ్వేదట. ఆదివారాలు ఇద్దరూ నది ఒడ్డున నడిచేవారట.

"మూడుసార్లు అడిగాను, పెళ్ళి చేసుకుందామని. మూడుసార్లూ కాదంది. నేనంటే ఇష్టం లేక కాదండీ. 'పెళ్ళయితే నేను ట్రౌల్సెన్ అయిపోతాను. ఆ పేరు వాళ్ళు ఊరికి యాభై మంది. మావాడు పెద్దయి పుస్తకంలో వెతుక్కుంటూ వస్తే ఎవరి తలుపు కొడతాడు?' అనేది. కొత్త చిరునామాల పుస్తకం రాగానే ముందు తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకునేది. ఒక్క అక్షరం తప్పు పడ్డా ఆఫీసుకి వెళ్ళి గొడవపెట్టేది."

నేను కాఫీ తాగలేకపోయాను. పూలు కొనుక్కుని, సమాధి ఎక్కడో చూపించమన్నాను. ఆయన దుకాణం మూసి నాతో వచ్చాడు. చిన్న రాయి. ఆయనే పెట్టించాడట. దాని మీద ఆ పేరు, పొడుగ్గా, ఒక్క అక్షరం కూడా పోకుండా.

అక్కడ నిలబడి ఆయనకి అంతా చెప్పాను. కోటు, కత్తెర, గోడకి అంటించని కాగితం, ఉత్తరం. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనిపించింది. ఆయన టోపీ చేతిలో తిప్పుకుంటూ రాయి వైపే చూశాడు. తర్వాత అడిగాడు:

"అబ్బాయి పొడుగ్గా ఉంటాడా?"

నా తలమీద జానెడెత్తున చెయ్యి పెట్టి చూపించాను.

"వాళ్ళాయన కూడా అంతే ఉండేవాడట" అన్నాడు. టోపీ పెట్టుకుని, నాతో చెయ్యి కలపకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఊరి శ్మశానం దారి, దుకాణం చిరునామా వేరే కాగితం మీద రాసి పెట్టాను. వెళ్ళు, నాయనా. పాపని కూడా తీసుకెళ్ళు. ఆ పెద్దాయన వయసు మీదపడ్డవాడు, తొందరగా వెళ్ళు. ఆమె గొంతు ఎలా ఉండేదో, ఏం వండేదో, ఇప్పుడు చెప్పగలిగింది ఆయన ఒక్కడే. ఆ తర్వాత నాకు రాస్తావో, రాయవో, ఏ ఇంటిపేరు పెట్టుకుంటావో నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి ఆ రాయి కింద ఉంది, నా జవాబు ఒక మంచి పోస్టాయన రాశాడనుకుంటూ పోయింది.

మంచు మొదలైంది. మెడకి గుడ్డ చుట్టుకోకుండా బయటికి వెళ్ళకు.

ఇట్లు,
నువ్వు ఇన్నాళ్ళూ అమ్మా అని పిలిచిన
గోండెల్.